భూమేశ్ బండికి వెనక సీటు

దుబాయ్‌లో, సత్వా అనే పేటలో సీట్లు కుట్టే పని నాది. కార్లవీ, వ్యాన్లవీ, మోటారు సైకిళ్లవీ, ఏది చిరిగినా తెస్తారు. స్పాంజి మార్చి, కొత్త రెగ్జిన్ వేసి కుట్టి ఇస్తాను. అమలాపురం ఆదిశేషు అంటే ఈ సందులో అందరికీ తెలుసు. నా నోటి దురుసు కూడా తెలుసు. డెలివరీ కుర్రాళ్లు ఏడాది పొడుగునా నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల బండ్లకి సగం సీటే ఉంటుంది. ముందు సగంలో మనిషి, వెనక మనిషి కూర్చోవాల్సిన చోట ఇనుప పలక, దాని మీద డబ్బా. ఉన్న ఆ సగాన్నే నుగ్గు నుగ్గు చేసుకుని వస్తారు పాపం. వెనక సీటు కుట్టమని నన్ను అడిగిన డెలివరీవాడు ఇన్నేళ్లలో ఒక్కడే. వాడి పేరు భూమేశ్.

మెట్‌పల్లి అవతల ఏదో పల్లె వాడిది. జెబెల్ అలీలో ఒక కంపెనీకి సెంట్రింగ్ పనికి వచ్చాడు. కరోనా ఏడాది ఆ కంపెనీ ముందు పని ఆపింది, తర్వాత కూలీలని లోపలే ఉంచి క్యాంపు గేటుకి తాళం వేసింది, ఆఖరికి తనే మూతపడింది. విమానాలు మొదలవగానే తోటివాళ్లంతా ఇంటిదారి పట్టారు. భూమేశ్ మాత్రం క్యాంపు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాడట. ఊరంతా ఆగిపోయినా డెలివరీ బండ్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. మీసాలు రాకముందు నుంచి బండి తోలినవాణ్ణి, ఇది నా పనే కదా అనుకున్నాడు. తీరా ఇక్కడి లైసెన్సు పరీక్షలో రెండుసార్లు తప్పాడు. ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ మూతి ముడుచుకుంటాడు. లైసెన్సు వచ్చాక మా దుకాణం మీది గదిలో రెండంతస్తుల మంచంలో పైది అద్దెకి తీసుకుని మా సందువాడైపోయాడు.

ఎవరేం అడిగినా "సరే అన్నా" అంటాడు. గదిలోకి నీళ్ల క్యాను మోసుకొచ్చేది వాడే. ఒకడికి జ్వరమొస్తే డ్యూటీ మధ్యలో మందు తెచ్చిచ్చేదీ వాడే. నాకు వాడంటే ఎంత ఇష్టమో, ఆ మాట వింటే అంత ఒళ్లుమంట. "ఒక్కసారైనా కుదరదని చెప్పవయ్యా, నోరేం అరిగిపోదు" అనేవాణ్ణి. దానికీ "సరే అన్నా" అనేవాడు.

ఒకరోజు టీ తాగుతూ తనలో తనే నవ్వుకుంటున్నాడు. ఏంటని అడిగితే చెప్పాడు. మెరీనా వైపు ఒక టవర్లో భోజనం ఇవ్వడానికి వెళ్లి గంట కొడితే, తలుపు తీసినవాడు దయాకర్. మెట్‌పల్లిలో ఇంటర్ చదివిన రెండేళ్లూ ఇద్దరిదీ ఒకే బెంచీ. ఇంటర్‌తో భూమేశ్ చదువు అయిపోయింది. దయాకర్ ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో ఉద్యోగం చేసి, ఇప్పుడు దుబాయ్‌లో పెద్ద జీతం మీద ఉన్నాడు. హెల్మెట్లో ఉన్న మొహాన్ని ముందు గుర్తుపట్టింది దయాకరే. పేరుపెట్టి అరిచి, చెమట చొక్కా అని చూడకుండా కావలించుకున్నాడట. లిఫ్టు దాకా వచ్చి సాగనంపాడట. అది డెలివరీవాళ్లు ఎక్కే సర్వీసు లిఫ్టు అని భూమేశే నవ్వుతూ చెప్పాడు.

ఆ రోజు నుంచి మాకు దయాకర్ పురాణం మొదలైంది. భూమేశ్ మేనమామ పాత బండి ఒకటి వీళ్ల చేతిలో ఉండేదట. తోలేది భూమేశ్, వాడి భుజం మీద చెయ్యేసుకుని వెనక కూర్చునేది దయాకర్. కాలేజీకి దాని మీదే, సినిమాకి దాని మీదే. ఒక వానాకాలం పోచంపాడు డ్యామ్ గేట్లు ఎత్తారని తెలిసి, ఇంట్లో చెప్పాపెట్టకుండా పోయి, తడిసి ముద్దయి, కట్ట పక్కన వేడివేడి చేప వేపుడు తిని వచ్చారట. ఆ చేప ముళ్లతో సహా నాకు కంఠతా వచ్చేసింది.

నిరుడు చలికాలంలో వాడు దుకాణంలోకి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"శేషన్నా, దయాకర్ ఫోన్ చేసిండు. శనివారం వాళ్ల దోస్తులంత బండ్ల మీద హత్తా డ్యామ్ కాడికి పోతున్నరట. నన్ను గూడ రమ్మన్నడు."

"వాళ్లవి పెద్ద బండ్లయ్యుంటాయి కదయ్యా. నీ బండి వాటి పక్కన ఏం ఆనుతుంది?"

"నేనూ గదే అన్న. వాడు ఇనలే. 'పోచంపాడు యాదికుందారా? గట్లనే పోదాం, నీ బండి తీస్కొని రా' అన్నడు."

ఇంక వాడు నేల మీద నడిస్తే ఒట్టు. సెలవు పెట్టాడు. గదిలోవాడి దగ్గర తోలు జాకెట్టు అరువు అడిగాడు. ఆ తర్వాత నా ముందు కూర్చుని అసలు సంగతి బయటపెట్టాడు.

"నాకు ఎనక సీటు కుట్టియ్యన్నా. డబ్బా తీసేస్త."

"కంపెనీవాడికి తెలిస్తే ఊరుకుంటాడేంటి?"

"ఒక్క రోజే గద. ఆదివారం మల్ల పెట్టేస్త. డబ్బాతోని పోతే డ్యూటీకి పోయినట్టుంటది. ఇగ డ్యామ్ కాడ వాణ్ణి ఒక్కపాలి ఎనక కూసోపెట్టుకొని తిప్పాలె. గంతే."

కూర్చునేవాడి ఒళ్లు తెలియకుండా నేను స్పాంజి కొయ్యను. మనిషి ఎలా ఉంటాడని అడిగాను. "సన్నగుంటడు. గాలొస్తే నన్ను గట్టిగ పట్టుకుంటుండె" అన్నాడు. వాడు చెబుతున్నది ఇంటర్ చదివే కుర్రాడి కొలత. మెరీనాలో తలుపు తీసినవాడికి పొట్ట వచ్చిందని వాడే ఇదివరకు చెప్పాడు. అయినా నేను దిద్దలేదు, సన్నటివాడికి సరిపోయే మెత్తటి స్పాంజే వేశాను. ముందు సగంతో కలిపి ఒకే పొడుగు సీటు చేశాను, పైన నల్ల రెగ్జిన్, అంచున తెల్లదారంతో రెండు వరసల కుట్టు. ఆ దారం వాడు ఏరి కోరి తీసుకున్నదే. నా చేతి పని నేనే మెచ్చుకోకూడదు గానీ, అలాంటి సీటు ఈ సందులోంచి మళ్లీ బయటికి పోలేదు. పక్క దుకాణం ఇర్షాద్ పానా పట్టుకుని డబ్బా విప్పుతూ, "క్యా భాయ్, షాదీ హై క్యా?" అని ఆటపట్టించాడు. భూమేశ్ సిగ్గుపడి బండి తుడుచుకున్నాడు.

శనివారం జరిగినదంతా నేను చూసింది కాదు. వాడు చెప్పినదీ, నేను తిట్టి తిట్టి రాబట్టినదీ కలిపి చెబుతున్నాను.

తెల్లవారుతుండగా ఊరి చివర పెట్రోలు బంకులో అందరూ కలిశారు. ఒక్కొక్కడిదీ గుర్రమంత బండి, మోకాళ్ల దగ్గర దిండ్లు కుట్టిన ప్యాంట్లు, మెడల్లో కెమెరాలు. దయాకర్ ఎదురొచ్చి భూమేశ్‌ని కావలించుకున్నాడు. కావలించుకుంటూనే వీడి భుజం మీద నుంచి బండి వైపు చూశాడు.

"డబ్బా ఏదిరా?"

"తీసేసిన" అన్నాడు భూమేశ్, సీటు మీద అరచెయ్యి రాస్తూ. "కొత్త సీటు. చూడు."

"అరే, ఎందుకు తీసినవ్? ఇప్పుడు బిర్యానీ ఎట్ల పోతది?"

బంకు గోడవారన పెద్ద దేగ్చా ఒకటి ఉంది. కరామాలో ఒక మెస్సువాడు రాత్రే దమ్ వేసి, వ్యానులో తెచ్చి దించేసి వెళ్లిపోయాడు. ఆ గుంపుకి పెద్ద విక్రమ్ అనే ఆయన వచ్చి దేగ్చా వంకా బండి వంకా చూశాడు. "అదేంటి దయా, డెలివరీ డబ్బాలో పట్టే కొలత చెప్పి మరీ చేయించానన్నావు కదా?" అన్నాడు.

భూమేశ్‌కి అప్పుడు అర్థమైంది. వాళ్లకి కావలసింది డబ్బా. డబ్బా ఒక్కటే రాలేదు కాబట్టి వీణ్ణి కూడా పిలిచారు. ఆ క్షణాన బండి తిప్పుకుని వచ్చేయాల్సింది. నేనైతే దేగ్చాని తన్ని మరీ వచ్చేవాణ్ణి. వీడు అక్కడే నిలబడ్డాడు. "ఏం కాదురా, తాడుతోని ఎనక సీటుకు కడదాం" అన్నాడు దయాకర్. వీడు "సరే" అన్నాడు.

అలా నేను కుట్టిన సీటు మీద దయాకర్‌కి బదులు దేగ్చా కూర్చుంది.

పెద్ద బండ్లు హోరుమని రెండు మలుపుల్లో మాయమయ్యాయి. వీడు ఒక్కడే, పక్కన లారీలు, అటూ ఇటూ ఇసుక. దేగ్చా వేడికి నడుం కాలుతుంటే ముందుకి జరిగి, జరిగి, చివరికి పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని తోలాడు. మూతకి పెట్టిన మైదాపిండి బీటలిచ్చి నూనె కారడం మొదలైంది. మధ్యలో దయాకర్ ఫోన్ చేశాడు. దోస్తు ఎక్కడ వెనకబడ్డాడో అని కనుక్కుంటున్నాడు కాబోలు అనుకుని, సంబరంగా బండి పక్కకి ఆపి ఎత్తాడు. "లైవ్ లొకేషన్ పెట్టురా, అందరికి ఆకలైతుంది" అన్నాడు దయాకర్. రోజూ ముక్కూ మొహం తెలియనివాళ్లు వీడు ఎక్కడిదాకా వచ్చాడో ఫోనులో చూసుకుంటూ ఉంటారు. ఆ రోజు దయాకర్ చూసుకున్నాడు.

డ్యామ్ దగ్గర చాపలు పరిచి సిద్ధంగా ఉన్నారు. ఒకాయన "బ్రదర్, ప్లేట్లు నీ దగ్గరేనా?" అని అడిగాడు. ఈయన నీకేమవుతాడని విక్రమ్ అడిగితే దయాకర్ వీడి భుజం తట్టి, "మా దిక్కు మనిషే. మంచోడు, ఏ పని చెప్పినా కాదనడు" అన్నాడు. దోస్తు అనలేదు. వడ్డించేటప్పుడు మాత్రం మంచి ముక్క ఏరి వీడి పళ్లెంలో వేశాడు, కడుపునిండా తినమన్నాడు. మొహం చాటేసి ఉంటే వీడికీ తెగిపోయేది. ఆ ముక్క వెయ్యడం వల్ల వీడికి ఇంకా ఆశ మిగిలింది.

అందుకని తిన్నాక సీటుని తన చేతిరుమాలుతో తుడిచి, దయాకర్‌ని పక్కకి పిలిచాడు.

"ఒక్క రౌండు ఎనక కూసుంటవారా? గా కట్ట దాక పోయొద్దాం. పోచంపాడు లెక్క."

దయాకర్ నవ్వాడు. "ఆ సీటు మీదనా? నూనె నూనె ఉన్నది గదరా. ఈ ప్యాంటుకు మరక పడితే ఇగ పోదు."

అన్నాడు, ఫోటో దిగడానికి మిగతావాళ్ల దగ్గరికి వెళ్లాడు. భూమేశ్ ఖాళీ దేగ్చాని మళ్లీ అదే సీటుకి కట్టుకుని, కరామాలో మెస్సుకి అప్పజెప్పి గదికి వచ్చాడు.

మర్నాడు పొద్దున సీటు విప్పి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వాడి నడుం ఎర్రగా కమిలిపోయి ఉంది. రెగ్జిన్ సబ్బు గుడ్డతో తుడిస్తే శుభ్రపడింది. తెల్లదారం మాత్రం నూనె పీల్చుకుని పసుపుపచ్చగా అయిపోయింది. ఎంత రుద్దినా రాలేదు. అసలు సంగతంతా అప్పుడు బయటికి వచ్చింది. సబ్బు గుడ్డ బల్ల మీదికి విసిరికొట్టాను.

"మొహం మీద ఉమ్మేసి రావాల్సింది!" అన్నాను.

"వానికి తెల్వదన్నా. సీటు వానికోసమని వానికి ఎవలు చెప్పిన్రు?"

"నువ్వు చెప్పొచ్చుగా?"

"చెప్పి కూసోపెట్టుకునుడేందన్నా" అన్నాడు.

కుట్టు విప్పి కొత్త దారం వేస్తానన్నాను. అంతలో వాడి ఫోను మోగింది. దయాకర్ మాట రికార్డు చేసి పంపాడు. భూమేశ్ నాకూ వినపడేలా పెట్టాడు.

"భూమేశ్, బిర్యానీ మస్తున్నదని అందరన్నరురా. వచ్చే నెల జెబెల్ జైస్ గుట్టకు పోతున్నం. నువ్వు రావాలె. ఈసారి డబ్బా మాత్రం తియ్యకు."

నేను వాడి మొహం చూశాను. ఒక్క తిట్టు తిడితే చాలు, వాడికి ఆ రోజు చేపల పులుసు నేనే వండి పెట్టేవాణ్ణి. వాడు ఫోను నోటి దగ్గర పెట్టుకుని మెల్లగా అన్నాడు. "డబ్బా పెడితే ఎనక సీటు ఉండదు మల్ల."

వెంటనే జవాబు వచ్చింది. ముందు నవ్వు, తర్వాత మాట. "ఎనక సీటు ఎవలికి కావాలెరా?"

భూమేశ్ దాన్ని మళ్లీ ఒకసారి విన్నాడు. తర్వాత ఫోనులో ఏదో నొక్కి, నా వైపు తిప్పి చూపించాడు. "సరే" అని పంపాడు. నాకు వాణ్ణి కొట్టాలనిపించింది, అంతలోనే ఏడుపొచ్చింది.

"ఖలాస్ అన్నా. సగానికి కొయ్యి" అన్నాడు.

కోశాను. ముందు సగం బిగించుకుని, ఇర్షాద్ చేత డబ్బా పెట్టించుకుని, జాకెట్టు తిరిగిచ్చేసి మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లాడు. వెనక సగం ఇంకా నా దుకాణంలోనే ఉంది. చిన్న బండ్లకి పనికొస్తుందని ఇద్దరు ముగ్గురు అడిగారు, ఇవ్వలేదు. దాని మీద మనిషనేవాడు ఒక్కసారి కూడా కూర్చోలేదు.