నల్లమందలో ఎర్రమేక

నా చిన్నప్పుడు మైపాడు దగ్గర ఉప్పుటేటి ఒడ్డున ఉండేవాళ్లం. దేశానికి స్వతంత్రం వచ్చి పదేళ్లు దాటిన రోజులు. మా తాతయ్య మేకలు సాయంత్రం ఇసుక దిబ్బ దిగి వస్తుంటే, అవి ఎవరివో దూరం నుంచే తెలిసిపోయేది. ఒక్కటి తప్ప అన్నీ నలుపే. కొమ్ములు కూడా ఒకే వంపు. దారినపోయే వాళ్లు ఆగి చూస్తే తాతయ్య తలపాగా సర్దుకునేవాడు.

ఆ మంద ఊరికే అలా తయారు కాలేదు. మేక ఈనగానే తాతయ్య ముందు పిల్ల రంగు చూసేవాడు. పొడలున్నా, చెవి తెల్లగా ఉన్నా, పాలు మరిచాక అది బేరగాడి చేతికి పోవలసిందే. విత్తనానికి ఉంచే పోతు కూడా మా మందలో పుట్టిన నల్లపోతే. దాని తర్వాత దాని కొడుకు, ఆ తర్వాత వాడి కొడుకు. బయటి పోతును దొడ్డి దరిదాపులకు రానిచ్చేవాడు కాదు.

నలుపు కాని ఆ ఒక్కటీ, అవ్వ పట్టుబట్టి ఉంచుకున్న, కొమ్ముల్లేని బోడి తల ఎర్రమేక. నన్ను కన్నాక మా అమ్మ చాలాకాలం మంచాన పడిందట. ఆ మేక పాలే నన్ను బతికించాయని అవ్వ చెప్పేది. ఎండలకు మిగతావి వట్టిపోయినా, అది తన ఇద్దరు పిల్లలకూ చాలినన్ని ఇచ్చి మాకూ ఒక చెంబు మిగిల్చేది. దాని మెడ కింద వేలాడే చన్నులు పట్టుకుని ఆడుకుంటూ పెరిగాను నేను.

పక్కింట్లో ఉండే, నాకు వరసకు పెద్దమ్మ అయ్యే ఆమెకూ మేకలుండేవి. భర్త చేపల వేటకు పోయి సముద్రంలోంచి తిరిగి రాకపోతే, ఆమె వాటి మీదే పిల్లల్ని సాకింది. ఆమె మందలో ఏ రెండూ ఒక్కలా ఉండవు. పొట్టివి, పొడుగువి, చాటంత చెవులవి, చెవులే లేనట్టున్నవి. "సంతలో మిగిలిపోయినవన్నీ నీ దొడ్లోనే ఉండాయే అమ్మీ" అని తాతయ్య ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేది.

ఒక వేసవిలో ఎవరో పెద్దమనిషి మందను మెచ్చుకుని, ఆ ఎర్రదొక్కటే దిష్టిచుక్కలా ఉందన్నాడు. ఆ వారమే తాతయ్య దాన్ని బేరగాడికి ఇచ్చేశాడు. నేను బడి నుంచి వచ్చేసరికి గుంజకు తాడు మాత్రం ఉంది. అవ్వ ఆ రాత్రి తాతయ్యకు అన్నం పెట్టి లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె మేకల దొడ్డిలోకి అడుగుపెట్టలేదు.

రెండు మూడు ఈతల్లోనే తేడా కనిపించింది. బయటి రక్తం కలవక పిల్లలు బక్కగా పుట్టేవి. కొన్ని లేచి నిలబడలేకపోయేవి. ఒకదానికి దవడ వంకరపోయి పొదుగే అందలేదు. ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టి నేలంతా బురదైంది. గిట్టలు కుళ్లి, దగ్గు పట్టి, మా మేకలు వరసగా పడిపోయాయి. తాతయ్య గోనెపట్టాలు కప్పి, పసరు మందులు పోసి, వాటి మధ్యే కూర్చునేవాడు. సగం మంద కూడా మిగల్లేదు. పెద్దమ్మవీ కొన్ని పోయాయి కానీ, ఎక్కువ భాగం తట్టుకున్నాయి.

వాన వెలిశాక తాతయ్య నా చెయ్యి పట్టుకుని ఆమె కంచె దాకా వెళ్లి ఆగిపోయాడు. తాను ఎగతాళి చేసిన దొడ్డి నుంచే ఇప్పుడొక పోతును అడగాలి. "ఏంది మామా, ఆడే నిలబడినావు? లోపలికి రా" అంది పెద్దమ్మ. ఎందుకొచ్చామో ఆమె అడగలేదు. నన్ను చూసి, "మీ తాతకొక పోతుపిల్లను ఎంచమ్మా" అంది.

నేను నిగనిగలాడే పెద్దపిల్లను చూపించాను. ఆమె నవ్వి, పక్కనే చెవులు చిన్నగా ఉన్న గోధుమరంగు మేకను చూపించింది. "పిల్లను గాదు, దాని తల్లిని చూడాల. ఇంత ముసురులోనూ ఇది పిల్లలిద్దరికీ పాలిచ్చింది. గిట్ట గూడా మెత్తబడలే." దాని కొడుకును ఎత్తి తాతయ్య చేతుల్లో పెట్టింది. గోధుమరంగు మీద తెల్లమచ్చలు. తాతయ్య ఏదో చెప్పబోతే, "పిల్లది పాలు తాగాలిగదా మామా" అంది, నా వైపు చూస్తూ.

దారిలో తాతయ్య, "ఎర్రదాన్ని ఉంచుకోవాల్సింది" అన్నాడు. నాతోనో, చేతుల్లోని పిల్లతోనో తెలియదు.

ఆ పోతుతో మంద మళ్లీ నిలబడింది. రకరకాల రంగుల పిల్లలు దొడ్డి నిండా గెంతేవి. తాతయ్య ఇప్పుడు ముందు తల్లి పొదుగు, గిట్టలు చూసేవాడు. కానీ ఎర్రపిల్ల పుట్టినప్పుడల్లా, అది పెద్దదై ఈనేదాకా కాచుకునేవాడు. పాలు పితికి చూసి, "దాని మాదిరి గాదులే" అని చెంబు అవ్వకు అందించేవాడు. అవ్వ దొడ్డి బయటే నిలబడి పుచ్చుకునేది. ఆయన పోయేదాకా అలాంటి మేక మళ్లీ మా ఇంట్లో పుట్టలేదు.

ఇప్పుడు నేనే అవ్వనయ్యాను. ఇంట్లో ఎవరైనా ఒక చెట్టునో, పశువునో, మనిషినో చూసి, మిగతావాటితో కలవడం లేదు, తీసేద్దాం అంటే నాకు భయం వేస్తుంది. కొంచెం ఆగమంటాను. అది ఇన్నాళ్లూ ఎవరికి ఏం చేస్తూ వచ్చిందో కనుక్కోమంటాను. కొందరు వింటారు, కొందరు వినరు. తాతయ్యకు ఆ మాట చెప్పగల వయసు మాత్రం ఆనాడు నాకు లేదు.