పాదిరి కథ విన్న మేనత్త

ఇది ఎవరికీ చెప్పలేదు. పెళ్లిచూపులకు వచ్చినాయన "భజనలకి తోడు కావాలి, ప్రేమలూ గీమలూ నాకు పట్టవు" అంటే ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ మాట నచ్చలేదు.

మర్నాడు పలాసలో జీడిపప్పు పొట్టు తీస్తున్న మా మేనత్తకు, నా గోడు దాచి, నేను కాలేజీలో చదువుతున్న ఇంగ్లీషు నవల కథ చెప్పాను. అందులో ఒక పాదిరి మనసుపడ్డ పిల్లను దేవుడి కోసం వదులుకుని, తాను ప్రేమించని మరో పిల్లను దైవసేవకు తోడుగా పెళ్లాడమంటాడు.

రోజూ మొదటి పప్పును కళ్లకద్దుకోనిదే రెండోది ముట్టని భక్తురాలు మా అత్త. పాదిరినే మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె చాకు ఆపింది.

"ఆడి మనసు ఆడు దేవుడికిచ్చుకున్నాడు, బాగుంది. ఈ పిల్ల మనసు ఇచ్చీడానికి ఆడెవుడే?"

చదువురాని మా అత్తకు తట్టిన ఈ మాట మా కాలేజీలో ఎవరికీ తోచలేదు. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. అప్పుడు మాత్రం కన్నీళ్లు కనబడకుండా తల దించుకున్నాను.

"ఏడవకే. నిన్నొచ్చినోడూ ఈ పాదిరిలాటోడే కదా. ఈ సంబంధం మనకొద్దని మా అన్నకి నాను సెప్తాను."