పళ్ళక్క అడవి

ఆ ఊళ్ళో పెద్దవాళ్ళలో చాలామంది పళ్ళక్క చేసిన పళ్ళతోనే నమిలేవారు, ఆ పళ్ళతోనే నవ్వేవారు, కోపం వస్తే ఆ పళ్ళే కొరికేవారు. వాళ్ళలో ఒక్కరి మొహం కూడా ఆమె ఎరగదు. పళ్ళ డాక్టర్ల దగ్గర్నుంచి దవడల అచ్చులు ఆమె పనిచేసే ల్యాబుకి డబ్బాల్లో వచ్చేవి. ఆమె వాటిలో ప్లాస్టర్ పోసి దవడ తీసి, దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే గుచ్చి, మళ్ళీ డబ్బాలో పెట్టి పంపేది. ల్యాబు అంటే ఒక మందుల షాపు వెనక గది. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. పక్క బల్ల దగ్గర పళ్ళకి మెరుగు పెట్టే ఆయనకి మోటారు హోరుకి చెవులు దెబ్బతిన్నాయి కనక ఆయనతో మాటలన్నీ సైగలే. పళ్ళక్క అన్న పేరు ఆ గదిలో పుట్టి వీధిలోకి పాకింది. సొంత అన్నయ్య కూడా ఆటపట్టించాలనుకున్నప్పుడు అలాగే పిలిచేవాడు.

అన్నాచెల్లెళ్ళిద్దరూ గొడుగులు బాగుచేసే షాపు మీద రెండు గదుల వాటాలో ఉండేవారు. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదంటే చెప్పుకోదగ్గ కథేమీ లేదు. ముందు అమ్మ జబ్బు, తరవాత నాన్న జబ్బు, ఆ తరవాత అలవాటు. అన్నయ్యది ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. పగలంతా ఊరివాళ్ళ మెట్ల కింద, తలుపుల వెనక, కుక్కలకి జడుస్తూ తిరిగేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక మాత్రం రెండు సైన్యాలకి అధిపతి.

సైన్యాలంటే అంగుళమంత మనుషులు. రంగులేని బొమ్మలు కొని తెచ్చుకుని, అతుకులు గీకి, భూతద్దం కింద పెట్టి, నాలుగు వెంట్రుకల కుంచెతో బెల్టులకీ బొత్తాలకీ కూడా రంగులు వేసేవాడు. ఎర్రటోపీల దళం ఒకటి, బూడిదటోపీల దళం ఒకటి. పడిపోకుండా ఒక్కొక్కడి కాళ్ళ కింద గుండ్రటి బిళ్ళ. ఆదివారం మధ్యాహ్నం, పాత తలుపుతో చేసిన పెద్ద బల్ల మీద వాళ్ళని బారులు తీర్చి, ఎవరో ఒక ఆటగాణ్ణి ఎదురుగా కూచోబెట్టుకుని, టేపుతో దూరాలు కొలుస్తూ, పాచికలు వేస్తూ చీకటి పడేదాకా యుద్ధం చేసేవాడు.

అడవి మాత్రం పళ్ళక్కది. మొదట్లో అన్నయ్య యుద్ధాలన్నీ ఆకుపచ్చ దుప్పటి మీదే జరిగేవి. దుప్పటి కింద రెండు పుస్తకాలు దూరిస్తే అది కొండ. ఒక ఆదివారం టీ ఇవ్వడానికి వచ్చిన ఆమె కాసేపు చూసి, "వీళ్ళంతా మంచం మీద కొట్టుకుంటున్నారేంటన్నయ్యా?" అంది. మర్నాడు ల్యాబులో మిగిలిన ప్లాస్టర్ తెచ్చి ఒక బండరాయి పోసింది. రాయి పక్కన చెట్టు లేకపోతే బోసిగా ఉంది. చెట్టు కింద పొద లేకపోతే ఇంకా బోసిగా ఉంది. అలా పట్టుకుంది పిచ్చి.

తీగలు మెలిపెట్టి మాను చేసేది, చివర్లు విడదీస్తే కొమ్మలు. పైన మైనం పూసి, పళ్ళు చెక్కే చాకుతోనే బెరడు గీసేది. గిన్నెలు తోమే పీచు చింపితే ఆకులు, తాడు పోగులు విప్పితే తీగలు, చేపలతొట్టి కోసం అమ్మే ప్లాస్టిక్ మొక్కల్ని కత్తిరిస్తే వెడల్పాటి ఆకుల పొదలు. వాడేసిన టీపొడి ఎండబెట్టి చల్లితే అచ్చం ఆకులు రాలి కుళ్ళిన నేలే. వాగుకి వార్నిష్ పొర మీద పొర పొయ్యాలి. ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. ఆత్రపడితే నీళ్ళు తెల్లగా పాలిపోతాయి. ఆమె ఏనాడూ ఆత్రపడలేదు.

ఆట మీద ఆమెకి ఆసక్తి లేదు. ఎవరు గెలిచారని కూడా అడిగేది కాదు. ఎవరైనా టీ గ్లాసు వాగు గట్టున పెడితే మాత్రం ఊరుకునేది కాదు. ఎర్రటోపీలు ఈసారి కొండ వెనకనుంచి రావాలి, అక్కడ కాస్త దారి పెట్టమని అన్నయ్య అడిగితే పెట్టేది. బూడిదటోపీలు దాక్కోవడానికి చాటు కావాలంటే చాటు కట్టేది. ఆ మాటలు తప్ప వాళ్ళ మధ్య వేరే మాటలు పెద్దగా ఉండేవి కావు. ఉండాలని ఇద్దరికీ తోచలేదు.

యాభై దాటాక అన్నయ్య పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ బట్టలు కుట్టే మనిషి, భర్త పోయి చాలాకాలమైంది. వాళ్ళింట్లో మీటరు కుట్టుమిషను వెనకాల ఉండేది. మీటరు చూడాలంటే మిషను జరపాలి, జరపాలంటే ఇద్దరు పట్టాలి. అలా నెలనెలా జరుపుతూ జరుపుతూ ఇంతదాకా వచ్చింది వ్యవహారం. ఆ సంగతి చెల్లెలికి చెప్పడానికి అన్నయ్య చాలారోజులు నసిగాడు. చెప్పాక పళ్ళక్క నిజంగానే సంతోషించింది. ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకుని కూచున్నావని కోప్పడింది కూడా. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం ఆమే పెట్టింది. కొత్తావిడ వయసులో తనకన్నా చిన్నది, అయినా వదిన వదినే. ఆవిడ కూడా ఈమెని వదినా అనే పిలిచేది. ఇద్దరు వదినలూ ఒకరి కోసం ఒకరు తలుపు దగ్గర ఆగిపోయి, ముందు ఎవరు లోపలికి వెళ్ళాలో తెలియక నిలబడేవారు.

అన్నయ్య ఊరికి అటు చివర ఉన్న వదినగారింటికి మారాడు. సైన్యాలు డబ్బాల్లో సర్దుకుని వ్యానెక్కాయి. అడవికి అక్కడ చోటు లేదు. ముందుగది నిండా మిషను, గుడ్డపీలికలు.

"అడవి ఎక్కడికీ పోదుగదే. ఆదివారాలు నేనే వస్తా," అన్నాడు.

కొన్నాళ్ళు వచ్చాడు కూడా. తరవాత వారం విడిచి వారం అయింది. తరవాత వదినకి ఒంట్లో బాగాలేదనో, ఆవిడ తమ్ముడు వచ్చాడనో కబురు చేసేవాడు. కొన్నాళ్ళకి కారణం చెప్పడం కూడా మానేశాడు. అది ఒకందుకు నయమే అనుకుంది పళ్ళక్క, అబద్ధమో నిజమో ఆలోచించే పని తప్పింది.

శనివారం ల్యాబు మూసి ఇంటికొచ్చాక సోమవారం పొద్దుటిదాకా ఆమె గొంతు ఆమెకే వినపడేది కాదు. ఆదివారాలు అలవాటుకొద్దీ ఇద్దరికి వండి, మిగిలింది సాయంత్రం తినేది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే జిగురు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయేది. గొడుగుల షాపాయన నీళ్ళ ట్యాంకు చూసుకోవడానికి డాబా మీదికి వెళ్తున్న చప్పుడది. సోమవారం ల్యాబుకెళ్ళి పక్క బల్లాయన్ని పలకరించబోతే గొంతు బొంగురుగా పలికేది. ఆయనకి ఎలాగూ వినపడదు కనక ఇబ్బంది లేదు.

ఒకరోజు వార్నిష్ కోసం రంగుల కొట్టుకి వెళ్ళింది. ఊళ్ళో ఈ ఆట ఆడేవాళ్ళంతా రంగులు కొనేది అక్కడే. కొట్టాయన మాటల్లో మాటగా, మీ అన్నయ్య ఎడారి బొమ్మ అచ్చేసిన పరుపులాంటిది తెప్పించుకున్నారు కదా, భలే ఉంది, బల్ల మీద పరిస్తే చాలు, మొన్న మేమంతా వాళ్ళింట్లోనే ఆడాం అన్నాడు. తనకి ముందే తెలిసినట్టు ఆమె తలూపింది. ఇంటికొచ్చాక చూసుకుంటే వార్నిష్ సీసా కొట్లోనే వదిలేసింది.

ఆ తరవాతే అడవి చిక్కబడింది. ఇదివరకు సైన్యాల కోసం దారులుండేవి. ఇప్పుడా దారుల్లో పొదలు మొలిచాయి. చాటుల్లో చెట్లు లేచాయి. అన్నయ్య ఎర్రటోపీలు దిగే రేవు దగ్గర వాగు వంపు ఆమెకి మొదటినుంచీ నచ్చేది కాదు. దాన్ని తవ్వేసి కొండ వెనక్కి మళ్ళించింది. ఒకసారి తనే సైనికుల్ని చేద్దామని కూచుంది. అరుస్తూ పరిగెత్తే మనిషిని మైనంతో చెక్కింది. తెలియకుండానే నోట్లో పళ్ళు పెట్టేసింది, పైవరస, కిందివరస, దవడపళ్ళతో సహా. అంగుళం మనిషికి పళ్ళెందుకని తనలో తనే నవ్వుకుంది. ఇంకో ఇద్దర్ని చేసి పక్కపక్కన నిలబెట్టి చూస్తే ముగ్గురికీ అన్నయ్య ముక్కే వచ్చింది. మళ్ళీ కరిగించి మైనం డబ్బాలో పోసేసింది. ఆ మైనం మర్నాడు ఎవరి చిగుళ్ళకో పోయింది.

ఆ ఏడాది రంగుల కొట్టాయన బాడ్మింటన్ హాలు మేడ మీద పెద్ద ఆట పెట్టాడు. మీ అడవి గురించి వినడమే గాని చూసింది కొద్దిమందే, ఒక్కరోజు తీసుకురమ్మని బతిమాలాడు. ఆమె అడవిని నాలుగు ముక్కలుగా విడదీసి, వ్యానులో ఒళ్ళు దగ్గర పెట్టుకుని తీసుకెళ్ళింది.

అందరూ మూగారు. ఫోన్లతో ఫొటోలు తీశారు. ఒకాయనైతే వంగి వాసన చూసి టీ వాసనొస్తోందన్నాడు. ఆ గంటలో విన్నన్ని మెచ్చుకోళ్ళు ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆట మొదలయ్యాక అసలు చిక్కు బయటపడింది. బొమ్మ పెట్టడానికి చోటు లేదు. కాళ్ళ కింద బిళ్ళలు మానుల మధ్య పట్టవు. వేసిన పాచిక పొదల్లో పడి మాయమవుతోంది. చివరికి కొట్టాయన దగ్గరికొచ్చి, నొచ్చుకుంటూనే, కొంచెం పలచన చేద్దామా అక్కా అని అడిగాడు. ఆమె ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. పటకారు తీసుకుని తనే ఒక్కొక్క చెట్టూ లాగడం మొదలుపెట్టింది. జన్మంతా పళ్ళు పెట్టడమే తప్ప పీకడం ఎరగని చెయ్యి అది.

సరిగ్గా అప్పుడే చంకలో డబ్బాతో అన్నయ్య వచ్చాడు. వెనకాల వదిన. అన్నయ్య డబ్బా దించకుండానే అడవి మీదికి వంగాడు. అతని కళ్ళు పాత దారుల కోసం వెతుకుతున్నాయని ఆమెకి తెలుస్తూనే ఉంది.

"వాగు ఇటుండాలి కదే," అన్నాడు చివరికి.

"మళ్ళించాను."

"నాకో మాట చెప్పకుండానా?"

"నువ్వు నాకు చెప్పే కొన్నావా ఎడారి?"

ఆమె గొంతు పెంచలేదు. చేతిలో పని కూడా ఆపలేదు. వదిన భర్త వైపు తిరిగి, చెప్పానన్నారుగా అంది మెల్లిగా. అన్నయ్య అక్కడేదో మీటరు ఉన్నట్టు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. తరవాత వేరే బల్ల దగ్గరికి వెళ్ళి ఆడుకున్నాడు.

పళ్ళక్క గోడవారగా కుర్చీలో, పీకిన చెట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. వదిన వచ్చి పక్కన కూచుంది. సంచీలోంచి ఒక చెట్టు తీసి, వేళ్ళతో కుట్టు చూసినట్టు దాని కొమ్మలు తిప్పి తిప్పి చూసింది.

"మీకు ఒంటరిగా ఉండటమే ఇష్టమంటారు మీ అన్నయ్య. అందుకే నేనూ మిమ్మల్ని రమ్మని కదపలేదు వదినా," అంది.

పళ్ళక్క ఆ చెట్టు అందుకుని మళ్ళీ సంచీలో పెట్టింది. "నాకు చెట్లు చెయ్యడం ఇష్టం," అంది. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఇంటికొచ్చాక పీకిన చెట్లని మళ్ళీ నాటడానికి చాలారోజులు పట్టింది. ఎండిన జిగురు గీకాలి, విరిగిన కొమ్మలు అతకాలి. దారులు మూసెయ్యాలా వద్దా అని ఆలోచించి, ఎటూ తేలక, కొన్ని మూసింది, కొన్ని వదిలేసింది.

ఒక సాయంత్రం ల్యాబునుంచి వచ్చేసరికి అన్నయ్య మెట్ల మీద కూచుని ఉన్నాడు. చేతిలో డబ్బాలు లేవు. వదిన పంపిందని చెప్పాడు. ఆమె తాళం తీస్తుంటే, లేదు, నేనే వచ్చానన్నాడు. లోపలికొచ్చి టీ తాగాడు. గ్లాసు వాగు గట్టున పెట్టబోయి ఆగి కింద పెట్టాడు. ఎడారి ఊసు అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, కుర్చీ లాక్కున్నాడు.

"ఒక చెట్టు ఎలా చెయ్యాలో చెప్పవే."

ఇన్నేళ్ళలో అతను ఒక్క చెట్టు చెయ్యలేదు. ఆమె తీగలిచ్చింది, ఎలా మెలిపెట్టాలో చూపించింది. బొత్తాలకి రంగులు వేసిన ఆ చేతులు ఇక్కడ మాత్రం తడబడ్డాయి. మైనం ఒకచోట ముద్దగా, ఒకచోట తీగ బయటికి కనపడేలా అంటుకుంది. ఆకులు పెట్టాక అది చెట్టులా లేదు, తలకిందులుగా నిలబెట్టిన చీపురులా ఉంది. అన్నయ్య మాత్రం దూరంగా జరిగి, తల పక్కకి వాల్చి చూసి మురిసిపోయాడు. పాత రేవు దగ్గర, బాగా కనపడే చోట నాటాడు. చీకటి పడకముందే వెళ్ళాలని లేచాడు. వీధి మలుపుదాకా ఆమె కిటికీలోంచి చూసింది.

మర్నాడు పొద్దున టీ తాగుతూ ఆ చెట్టుకేసి చూసింది. చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. ల్యాబుకి వెళ్ళే తొందరలో కూడా కుదురులేక, దాన్ని పీకి, ఆకులు రాల్చి, మైనం గీకి, మొత్తం విప్పి మళ్ళీ చేసింది. కొత్తది అక్కడ బాగోలేదని కొండ వెనక నాటింది.

అన్నయ్య మళ్ళీ ఎప్పటికోగాని రాలేదు. వచ్చినప్పుడు వదిన కూడా వచ్చింది. అన్నయ్య బల్ల దగ్గరికి నడిచి, చుట్టూ వెతికి, పాత రేవు దగ్గర ఎప్పుడో ఆమె చేసిన ఒక చెట్టుని వేలితో చూపించాడు. "ఇదే నేను చేసింది. మొదటి చెట్టుకి ఎలా వచ్చిందో చూడు," అన్నాడు భార్యతో.

వదిన వంగి చూసి, బాగుందంది. తరవాత తలెత్తి పళ్ళక్క వైపు చూసింది.

"అవునన్నయ్యా, అదే," అంది పళ్ళక్క, టీ నీళ్ళు పెట్టడానికి వెళ్తూ.