లాభం, రెండు, మూడు

దుర్గాశ్రీనివాస్‌కి చేపల వాసన పడదు. పుట్టింది నాగాయలంక పక్కన, పెరిగింది వలల మధ్యన. అయినా ఆఫీసులో ఎవరడిగినా "మాది బందరేనండీ" అంటాడు. కోనేరు సెంటర్లో ఓ ఫ్యాన్సీ షాపు మీది మేడలో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఆయనగారు సీనియర్. అక్కడున్నదే నలుగురు, మిగతా ముగ్గురికీ బుర్ర లేదని ఆయన గట్టి నమ్మకం. ఓనరు దగ్గర్నుంచి టీ తెచ్చేవాడి దాకా అందరి మీదా మూతి విరుపే. వేటకెళ్ళే సొంత అన్నయ్య గంగన్న ఫోన్ చేస్తే, పేరు ఎవరి కంటా పడకుండా ఫోన్ బోర్లా పెట్టేస్తాడు.

కంపెనీకి ఉన్న పెద్ద పని గిలకలదిండి రేవులో బోట్ల లెక్క. ఏ బోటు ఎన్ని గంపల చేప దించిందో రేవులో గుమాస్తా కంప్యూటర్లో కొడతాడు. ఎంత పాడు వేటైనా ఒక గంపకి లోటుండదు. కాబట్టి రావలసిన రోజు సాయంత్రానికి గంపలు లేని బోటు ఇంకా రేవుకి రానట్టే లెక్క, వాళ్ళింటికి మెసేజ్ వెళ్ళిపోతుంది. ఇదంతా ఎప్పుడో పున్నయ్య గారనే ఆయన పెర్ల్ భాషలో రాసి వెళ్ళిపోయారు. డేటాబేస్‌లోంచి వివరాలు తీసి ప్రోగ్రాం చేతికి అందించే లైబ్రరీ కూడా అందులోదే. దాన్ని పైథాన్‌లోకి మార్చమని ఓనరు శ్రీనివాస్‌కి అప్పగించాడు.

ఇక చూడాలి ఆ వేషాలు! ఒక లైను చదవడం, ఛీ అనడం. ఇది ప్రోగ్రామా, పెంటకుప్పా అని పక్క సీట్లో ఉన్న నిస్సీకి రోజంతా ఉపన్యాసం. ఒక్కచోట మాత్రం నోరు పడిపోయింది. గంపల గడిలో "లాభం" అనే మాట ఉంటే, దాన్ని ఒకటిగా అందించమని అక్కడ రాసుంది.

"గంపల లెక్కలో లాభం ఏంటండీ?" అంది నిస్సీ. గుడివాడ టౌన్లో పెరిగిన పిల్ల, ఆమెకి తెలియదు.

ఈయనకి తెలియదా! రేవులో తొలి గంపని ఒకటి అనరు. లాభం, రెండు, మూడు అని మొదలుపెడతారు. ఒక్క గంపే దిగితే గుమాస్తా కొట్టేదీ ఆ మాటే. చిన్నప్పుడు తండ్రి గంప దించుతుంటే గొంతు చించుకుని లాభం అని అరిచింది ఈ దొరగారే. కానీ ఆ సంగతి చెబితే, మీకెలా తెలుసండీ అని ఇంకో ప్రశ్న వస్తుంది. "ఎవరో చదువురానివాళ్ళ చాదస్తం," అని ఆ లైను తీసి పారేశాడు. అంకె కానిది ఏది కనపడినా సున్నా అని అందించేలా కొత్తది రాసుకున్నాడు. పెద్ద బోట్ల లెక్కలు పెట్టి చూస్తే అన్నీ సరిపోయాయి, ఓనరు శెభాష్ అన్నాడు.

కొత్త లైబ్రరీ ఎక్కించిన మర్నాడు సాయంత్రం తల్లి ఎల్లమ్మ ఊర్నించి ఫోన్ చేసింది.

"అన్నయ్య బోటు రాలేదని మెసేజ్ వచ్చింది నాయనా. వాడి ఫోన్ మోగట్లేదు. కాస్త చూడరా."

శ్రీనివాస్ స్క్రీన్ చూశాడు. గంగన్న బోటు, గంపలు సున్నా. తను రాసింది తప్పు చెబుతుందా మరి! "రాలేదమ్మా," అనేశాడు. అవతల తల్లి గొల్లుమంది. ఇవతల ఈయన బండి తాళాలు అందుకున్నాడు. ఏమైందండీ అని నిస్సీ అడిగితే, క్లయింట్ ప్రాబ్లం అని చెప్పి మెట్లు దిగాడు. తోడబుట్టినవాడు సముద్రంలో పోయాడనుకుంటూ కూడా క్లయింటే అన్నాడు, ఏం పుట్టుకో!

దారి పొడుగునా ఏడ్చాడు, అది కాదనకూడదు. అన్న చదువు మానుకుని వేటకెళ్ళి తనను చదివించిన సంగతి ఇన్నాళ్ళకి గుర్తొచ్చింది. రేవులో బండి పడేసి పరుగెత్తాడు. గంగన్న బోటు అంచున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఫోన్ నీళ్ళలో పడిందట. శ్రీనివాస్ అన్నని వాటేసుకుని భోరుమన్నాడు.

సంగతంతా విని గంగన్న తమ్ముడి వీపు నిమిరాడు. "ఒక్క గంపే పడిందిరా. లాభం అని నా ఎదురుగానే కొట్టాడు గుమాస్తా. మీ కొత్తదానికి ఆ మాట నువ్వు చెప్పలేదా?"

గంగన్న తమ్ముడి ఫోన్ తీసుకుని తల్లికి చేసి, బతికే ఉన్నానని నవ్వుతూ చెప్పాడు.

ఏదో పెద్ద పొరపాటే జరిగిందనుకుని నిస్సీ కూడా వెనకాలే ఆటోలో వచ్చింది. చొక్కా నిండా పొలుసులంటిన ఆ మనిషిని చూసి, "ఈయనెవరండీ?" అని అడిగింది.

శ్రీనివాస్ కళ్ళు తుడుచుకున్నాడు. అన్న పక్కనుంచి ఒక అడుగు ఇవతలికి జరిగాడు.

"మన యూజర్," అన్నాడు. "ఈయన రికార్డులో చిన్న తేడా వచ్చింది."

గంగన్న తమ్ముడి మొహంలోకి చూశాడు. చేతిలో ఉన్న ఫోన్ లుంగీకి తుడిచి, రెండు చేతులతో అందించాడు.

"శ్రమపడి వచ్చారు. చీకటి పడకముందే బయల్దేరండి, సార్," అన్నాడు.