సోపతి వచ్చినవాడు

కథల్లో, కావ్యాల్లో కనిపించే ప్రాణస్నేహితులను నేను మొదటి నుంచీ నమ్మలేదు. జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పి బతికేవాణ్ణి కాబట్టి, స్నేహితుడి కోసం ప్రాణమిచ్చే వీరుడి పాఠం ఏటా చెప్పక తప్పేది కాదు. పిల్లలు కళ్లు తుడుచుకుంటూ వినేవాళ్లు. నాకు మాత్రం ఒకటే అనుమానం. వీడికి ఏం కావాలి? రాజ్యమా, పేరా, అవతలివాడి చెల్లెలా? ప్రాణమిస్తానని వెళ్లేముందు ఇంట్లో పెళ్లాం ఏమన్నదో ఏ కవీ రాయడు, ఎందుకు దాచారో చెప్పండి అని అడిగేవాణ్ణి. మా సార్‌కు ఎవరి మీదా నమ్మకం లేదని పిల్లలు బయట చెప్పుకునేవాళ్లట. అందులో అబద్ధమేమీ లేదు.

అలాంటి నాకు కిడ్నీలు చెడిపోయాయి. రోజు విడిచి రోజు డయాలసిస్. నా భార్యది సరిపోలేదు, తమ్ముడికి షుగర్. ఇంకెవరైనా ఉన్నారా అని డాక్టరు అడిగాడు గానీ, ఆ మాట అంటూ నా ముఖం వైపు చూడలేదు.

విషయం తెలిసి కోరుట్ల నుంచి నా చిన్ననాటి దోస్తు వచ్చాడు. వాడు ఇళ్లకు టైల్స్ పరుస్తాడు. ఇద్దరం ఒక ఊరివాళ్లం, ఒక బడివాళ్లం. వాళ్ల నాయన కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. మా తాత ఆ ఊరికి దొర. వాడు కుర్చీ దగ్గరికి జరుపుకుని, చాయ్ సగం తాగి అన్నాడు.

"నాది తీస్కోరాదురా."

"ఏంది?"

"గదే. కిడ్నీ."

కళ్లలో నీళ్లు తిరగాల్సిన చోట నాకు అనుమానం పుట్టింది. ఊళ్లో రోడ్డు పక్కన ఉన్న మా చెలక భూమి మీద కన్నేశాడా? కొడుకును మా కాలేజీలో పెట్టించమంటాడా? వాడు వెళ్లాక ఫోన్లో తిప్పితిప్పి అడిగాను. "పిచ్చి లేసిందార నీకు?" అని పెట్టేశాడు. వేరేవాళ్లయితే అక్కడితో ఊరుకునేవాళ్లు. నేను మాత్రం, పైకి ఏమీ అడగలేదంటే లోపల పెద్దదే ఉందనుకున్నాను. ఇంత అనుమానంలోనూ వాడి కిడ్నీ వద్దని ఒక్కసారి కూడా అనలేదు. నాకు చావంటే వణుకు.

రక్తసంబంధం లేనివాళ్లు ఇస్తామంటే హైదరాబాదులో ఒక కమిటీ ముందు నిలబడాలని, ఇచ్చేవాడి భార్య కూడా ఒప్పుకోవాలని ఆసుపత్రిలో చెప్పారు. ఆమె ఆ మాట చెవిన పడగానే సిరిసిల్లలోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. "అస్తది తియ్" అన్నాడు వాడు. నాకు కాలు నిలవక సిరిసిల్ల బస్సెక్కాను.

వాళ్ల పక్కింట్లో బట్ట నేసే సాంచాలు నడుస్తున్నాయి. ఆ చప్పుడులో గట్టిగా మాట్లాడితే తప్ప వినపడదు. ఆమె మంచినీళ్లు ఇచ్చింది గానీ కూర్చోమనలేదు.

"మీ తాతలకెల్లి గిదే గద సారూ," అంది. "కల్లు తీస్కపోయిండ్రు, కోళ్లు తీస్కపోయిండ్రు. ఇగ కడుపుల ఉన్నదొక్కటే మిగిలింది. గది గూడ తీస్కపోనీకి అచ్చినవా?"

ఇన్నేళ్లూ ఏ కవీ రాయలేదని నేను ఎగతాళి చేసిన మాట ఇదే. అది ఇప్పుడు నా ఎదుటే నిలబడి అడుగుతోంది.

"ఒక్కటడుగుత. రేపు ఆయనకే గిట్లయితే నువ్విస్తవా?"

ఇస్తానని నాలుక చివరిదాకా వచ్చింది. "తెల్వదమ్మా" అన్నాను.

ఆమె కుర్చీ తెచ్చి వేసింది. "ఇస్తనంటే నేను లోపటికి పోతుంటి. ఆయనైతే ఆగడు. కమిటీకి అస్త తీ."

కమిటీ రోజున వాడు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. కమిటీ పెద్దమనిషి కాగితాలు తిరగేస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"మీరు పేషెంటుకు ఏమవుతారు?"

"సోపతి సార్."

మా వైపు స్నేహితుడన్నా సోపతే, దారిలో తోడు వచ్చినా సోపతే. రెంటికీ ఒకటే మాట. ఆయన మా వైపు మనిషి కాదు. పక్కనున్నాయన "అంటే తోడు వచ్చాడండీ" అని చెప్పాడు.

"తోడు వచ్చినవాళ్లు బయట ఉండాలండీ. ఇచ్చే మనిషిని పంపండి."

"మంచిది సార్" అని వాడు లేచి బయటికి నడిచాడు.

సందు దొరికింది, జారుకున్నాడు అనుకున్నాను. అంత భయంలోనూ, నేను ముందే అనుకున్నా కదా అనే పాడు తృప్తి ఒకటి. ఆయాసపడుతూ వెనకే వెళ్లాను. వాడు బయట బెంచీ మీద భార్య పక్కన, నా రిపోర్టుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముఖం ముడుచుకుపోయి ఉంది.

"ఎందుకచ్చినవ్ రా?" అని అడిగాను.

"ఇచ్చెటోన్ని పంపుమన్నడు గద. ఎవడు వాడు? నాకు తెల్వకుంట ఇంకెవన్నన్న ఒప్పిచ్చినవా?"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ బెంచీ మీదే కూర్చున్నాను. వాడు నన్ను అనుమానిస్తున్నాడు. ఎన్నాళ్లుగానో లోపల దాచుకున్నది అడిగేశాను.

"నీకేం గావాల్రా నాతోని?"

వాడు సంచి సర్దుకున్నాడు. "కొండగట్టు గుడికి ఏటేటా నడుసుకుంట పోతుంటిమి గద. పోయినేడు నీ కాళ్లు వాసినయని రాకపోతివి. ఒక్కన్నే పోయిన. ఎంత నడిసినా తొవ్వ ఒడువలేదురా. నాకు సోపతి గావాలె."

"ఒడువలేదట," అంది వాడి భార్య, గోడ వైపు తిరిగి. "సగం తొవ్వల ఆటో ఎక్కిండు."

అయితే నా అనుమానం నిజమే. వీడికి నా దగ్గర కావాల్సింది ఒకటి ఉంది. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. వాడి చెయ్యి పట్టుకుని మళ్లీ లోపలికి తీసుకువెళ్లాను.

పెద్దమనిషి ఈసారి తల ఎత్తి విసుగ్గా చూశాడు. "తోడు వచ్చినవాళ్లు బయట ఉండాలని చెప్పాను కదండీ. మీ ఇద్దరిలో తోడు వచ్చింది ఎవరు?"

"నేను సార్," అన్నాను. "ఈయనకు సోపతి వచ్చిన."