చీము పట్టని వేలు

మా అత్తగారిని వీధిలో అందరూ టేపమ్మ అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళుగా బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్నారు. ఎవరైనా గద్దించినప్పుడు నేను తలవంచుకుని నిలబడితే, "నీకు చీమూ నెత్తురూ లేవా?" అని తిరిగి నన్నే తిట్టేవారు.

రొమ్ము క్యాన్సరని తేలాక కూడా మిషను ఆపలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆ మొండివాడు మా అత్తగారి ముందు దిగదుడుపే.

మూడో కీమో అయిన పదో రోజున మిషను సూది ఆవిడ చూపుడువేల్లో దిగింది. రెండు రోజులు పోయాక, "సలుపుతోందే" అన్నారు. వేలు పట్టుకుని నొక్కి చూశాను. పెద్దగా ఎర్రబడలేదు, చీము లేదు.

"మానిపోతుందిలెండి అత్తయ్యా" అన్నాను, పెద్ద డాక్టరమ్మలాగా.

మర్నాడు మధ్యాహ్నానికి ఆవిడ మిషను మీదకు వాలిపోయి వణుకుతున్నారు. జ్వరం వస్తే ఆ క్షణమే రమ్మని నర్సు లక్షసార్లు చెప్పి పంపింది. ఈవిడేమో పొద్దుటినుంచీ జ్వరం మాత్రలు మింగుతూ నాకు చెప్పలేదు. చెబితే తర్వాతి డోసు వాయిదా వేస్తారని భయం.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చూసి డాక్టరుగారు ముందు నన్నే అడిగారు.

"వేలు చూడలేదా మీరు?"

"చూశానండీ. చీము పట్టలేదని..."

"చీమంటే ఏమనుకున్నారు? సూక్ష్మజీవులతో పోరాడి చచ్చిపోయిన తెల్లకణాలే. కీమో వాటిని ఊడ్చేసింది. ఆ పోరాడే రకం కణాలు రెండు వేలకు పైగా ఉండాల్సిన చోట వంద కూడా లేవు. చీము పట్టాలన్నా కణాలుండాలి కదమ్మా!"

చీము లేదని సంతోషించింది నేనే మరి. మంచం మీద ఆవిడ కళ్ళు మూసుకునే, "అయితే నెత్తురొక్కటే మిగిలిందన్నమాట" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక ఏడ్చాను.

యాంటీబయాటిక్ సెలైన్లు పెట్టారు, కణాలు పెరగడానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. నాలుగు రోజులు ఏ మాటా ఎవరూ తేల్చి చెప్పలేదు. ఆరో రోజు వేలు ఎర్రగా వాచి, కొసన పచ్చగా చీము కనిపించింది. డాక్టరుగారు మొదటిసారి నవ్వారు. నేను మా ఆయనకు ఫోన్ చేసి, "అత్తయ్య వేలికి చీము పట్టిందండీ!" అని ఏడుస్తూ అరిచేసరికి, పాపం, ఆయన హడలిపోయారు.

ఇంటికి పంపేటప్పుడు నాలుగో డోసు తేదీ వేసిచ్చారు, వారం ఆలస్యంగా.

"ఇప్పుడే కదయ్యా కణాలు వచ్చాయి. మళ్ళీ చంపేస్తారా?" అని అడిగారు ఆవిడ.

"తప్పదమ్మా. మందు కాస్త తగ్గిస్తాం. కానీ త్వరత్వరగా పెరిగే కణాల్లో మంచివేవో చెడ్డవేవో ఆ మందుకు తెలీదు."

తప్పంతా నాదేనని నేను చెప్పబోతుంటే ఆవిడ ఆపి, నా చేయి గట్టిగా పట్టుకున్నారు.

"ఈసారి థర్మామీటరు నీ దగ్గరే ఉంచుకో. మాత్రలు దాచెయ్. భయమేస్తే అబద్ధమాడతానే నేను. నా మాట నమ్మకు."