రెండో సీటు

మొన్న మోరిస్‌విల్‌లో సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే నా కారు పక్కకి ఒక పాత మోటార్‌సైకిల్ వచ్చి నిలిచింది. అద్దం దించి ఉంది. కాలిన నూనె, పెట్రోలు, వేడెక్కిన ఇనుము కలిసిన వాసన లోపలికి రాగానే నా కుడి అరచేయి దానంతటదే ముడుచుకుంది. పచ్చ దీపం వెలిగినా కదల్లేకపోయాను. వెనక కారు హారన్ కొడితే గాని తెలివి రాలేదు. అది డాక్టర్ కృపానందం గారి గరాజ్ వాసన.

ఆయనది గోదావరి వైపు నరసాపురం. ఎప్పుడో డెబ్బైలలో అమెరికా వచ్చి, ఒక ఆసుపత్రిలో పాథాలజిస్టుగా శవపరీక్షలు చేస్తూ రిటైరయ్యారు. ఆదివారం మా తెలుగు చర్చిలో ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో కనిపించే ఆ పెద్దమనిషి, శనివారాలు గరాజ్‌లో పాత బళ్లని కేఫ్ రేసర్లుగా మార్చేవారు. అంటే బండికి అక్కర్లేనివన్నీ పీకేసి, హ్యాండిల్ కిందికి దించి, వెనక చట్రం కోసి, ఒక్క మనిషి ట్యాంకు మీదికి వాలి కూర్చునేలా సన్నగా, పొట్టిగా చెయ్యడం. నేను ఉద్యోగానికి ఈ ఊరు వచ్చిన కొత్తలో, చర్చి భోజనాల దగ్గర, టీ కప్పు పట్టుకున్న ఆయన చెయ్యి వణకడం చూశాను. నేను చూసినట్టు ఆయనా గమనించారు. "వెల్డింగ్ ఇంక నా వల్ల కాదమ్మా. నీ చేతులు అరువిస్తావా?" అన్నారు. నవ్వులాటకి అన్నారనుకున్నాను. మరుసటి శనివారం నా చేతికి తొడుగులిచ్చి నిలబెట్టారు.

ఆయన దగ్గర పని నెమ్మదిగా సాగేది. ఒక్క బోల్టు విప్పాలన్నా ముందు దాని చుట్టూ తడిమి చూడాలి. నేను విసుక్కుంటే, "కొయ్యకముందే చూడాలి. కోశాక నువ్వు చూసేది వేరే వస్తువు" అనేవారు. ఆ మాట మనుషుల గురించి అంటున్నారో బళ్ల గురించో నాకు ఎప్పుడూ తేలేది కాదు.

ఒక చలికాలం సుధాకర్ గారనే ఆయన పక్క ఊరు కేరీ నుంచి ఒక బండిని పికప్‌లో తెచ్చి దింపేశారు. కొడుకు రోహన్ దాన్ని విప్పడం మొదలుపెట్టి, బ్లడ్ కాన్సరొచ్చి, సగంలోనే వదిలేసి చనిపోయాడు. "తీసేసుకోండి డాక్టర్ గారూ, నాకొద్దు" అన్నారు. లోపలికి కూడా రాకుండా వెళ్లిపోయారు. "ఈ బండి నీదమ్మా. నీకు నచ్చినట్టు కట్టు" అన్నారు కృపానందం అంకుల్. నేను అప్పటికే కాగితాల మీద బొమ్మలు గీసి పెట్టుకున్నాను. నా మొదటి బండి.

వారం తర్వాత నేను వెళ్లేసరికి అంకుల్ దాని ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. "చెయ్యి పెట్టు" అన్నారు.

ఇంజిన్ మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. కాలేంత వేడి కాదు, మనిషి ఒంటి వెచ్చదనం. బయట మంచు గడ్డకట్టింది. బండికి కార్బురేటర్ లేదు, ట్యాంకు గోడకి వేలాడుతోంది, చుక్క పెట్రోలు లేదు.

"ఎండ పడ్డదేమో అంకుల్."

"ఈ గరాజ్‌కి కిటికీ ఏదమ్మా?"

నేను ఇంజినీరుని. బండిని ఉత్తరం గోడకి, ఇనప బీరువా పక్కకి తోశాను. మళ్లీ శనివారం వచ్చి చూస్తే బీరువా చల్లగా ఉంది, బండి చక్రాలు చల్లగా ఉన్నాయి. ఇంజిన్ వెచ్చగానే ఉంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. అంకుల్ మాత్రం భయపడలేదు. "పోయిన మనిషి ఎంత తొందరగా చల్లబడిపోతాడో నాకు తెలుసు. ఇది నాకు తెలీదు" అన్నారంతే.

తొందరగా ముగించి బయటపడాలని ఇనుము కోసే గ్రైండర్ తీశాను. నేను గీసిన చోట బ్లేడు ఆనించబోతుంటే ఆయన నా మోచెయ్యి పట్టుకుని, టార్చి వేసి చూపించారు. చట్రం అడుగున చెరిగిపోతున్న సుద్దగీత. రోహన్ కొయ్యాలనుకున్న చోటు. నా గీతకి చాలా వెనక.

"అక్కడ కోస్తే ఇద్దరు కూర్చునేంత చోటు మిగుల్తది అంకుల్. గప్పుడది కేఫ్ రేసరే కాదు. అందం మొత్తం పోతది!"

"పోనీ. ఆ పిల్లాడు ఎవర్నో ఎక్కించుకోవాలనుకున్నాడు."

"ఇది నా బండి అన్నరు కదా?"

ఆయన టార్చి ఆర్పారు. "అన్నాను. పొరపాటుగా అన్నాను. ఇంకా అతనిదే" అన్నారు. కోపంతో గ్రైండర్ కింద పెట్టి ఇంటికి వెళ్లిపోయాను. రెండు శనివారాలు వెళ్లలేదు. మూడోసారి వెళ్లి ఆ సుద్దగీత దగ్గరే కోశాను. ఎందుకో చెప్పలేను. వెచ్చగా ఉన్న దాని మీద నా ఇష్టం రుద్దడానికి మనసొప్పలేదు.

వెనక చట్రం అతికి, పొడుగు సీటు బిగించిన మరుసటి వారం ఇంజిన్ మంచుముద్దలా ఉంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

ఏప్రిల్‌లో ట్యాంకు, కార్బురేటర్ బిగించి బండి పూర్తి చేశాక అంకుల్ సుధాకర్ గారిని పిలిచారు. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయి, అక్కణ్ణించే ఆ సీటు చూశారు. తర్వాత మెల్లగా వచ్చి ఇంజిన్ మీద చెయ్యి వేశారు. ఆయన పెదవులు కదిలాయి.

"చల్లబడిందే" అన్నారు.

అంకుల్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. "మా ఇంట్లో కూడా అలాగే ఉండేదండీ. వాడు పోయినప్పట్నుంచీ. గరాజ్‌లోకి వెళ్లాలంటే భయమేసేది, అందుకే మీకిచ్చేశాను" అని ఆయన ఏడ్చారు. కొంచెం తేరుకుని, "డాడ్, ఫినిష్ అవగానే ఫస్ట్ రైడ్ నీకే అనేవాడు. నేను బైక్ ఎక్కను, పో అనేవాణ్ణి" అన్నారు.

ఆయనకి నడపడం రాదు. నేను ముందు కూర్చున్నాను, ఆయన వెనక ఎక్కి నా భుజాలు పట్టుకున్నారు. ఇళ్ల మధ్య రోడ్ల మీద ఒక చుట్టు తిప్పాను. చెరువు పక్క మలుపులో కొంచెం వేగం పెంచితే వెనకనుంచి మాట వినిపించింది. "మెల్లగా నాన్నా, మెల్లగా." నన్ను అన్న మాట కాదది. నేను వెనక్కి తిరగలేదు. వేగం తగ్గించాను.

ఆ సాయంత్రం సుధాకర్ గారు బండిని తన ఇంటికే తీసుకెళ్లారు.

కృపానందం గారు పోయే ముందు ఆసుపత్రిలో అడిగాను, ఆ వెచ్చదనం ఏమిటని. ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు. "తెలీదమ్మా. చెయ్యాల్సింది తెలిసింది, చాలదూ" అన్నారు. నాకు అప్పుడది చాలలేదు. ఇప్పుడు చాలావరకు చాలుతోంది.

పోయిన నెల మా టీమ్‌లో ఒకతని ఉద్యోగం పోయింది. అతను సగం రాసి వదిలిన కోడ్ మా మీద పడింది. కొత్తగా చేరిన భీమవరం అమ్మాయి చిరాగ్గా, "డిలీట్ చేసి మళ్లీ ఫ్రెష్‌గా రాసేద్దామక్కా" అంది.

"ఉండమ్మాయ్, కంగారేముంది? అతను ఏం చేద్దామనుకున్నాడో ముందు కనుక్కుందాం" అన్నాను.

ఆ అమ్మాయి వింతగా చూసింది. "అక్కా, మీది మా గోదావరి సైడా?"

"కాదు, హనుమకొండ" అన్నాను. నా నోట పలికిన ఆ గొంతు ఎవరిదో మాత్రం చెప్పలేదు.